పెళ్ళి కోసం కె-1 వీసాపై అమెరికాకు: తాత్కాలిక ఆరోగ్య బీమా ఎంతవరకు ఆదుకుంటుంది?

అమెరికా పౌరుణ్ణి పెళ్ళాడటానికి కె-1 వీసాపై వెళ్ళే అమ్మాయి ఆరోగ్య బీమా ఎక్కడ తీసుకోవాలని అడిగితే, తల్లిదండ్రులు మనవల్ని చూడటానికి వెళ్ళేటప్పుడు కొనే విజిటర్ ఇన్సూరెన్స్‌నే మనవాళ్ళు చూపిస్తారు. పెళ్ళి కాకముందు కాబోయే భర్త ఉద్యోగం తరఫు బీమాలో సాధారణంగా చోటు ఉండదు కాబట్టి, నేనూ అదే తీసుకున్నాను. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో అడుగుపెట్టిన రోజు నుంచి మావారి కంపెనీ బీమాలో నా పేరు చేరేదాకా, మధ్యలో పొడిగించుకుని మరీ వాడాను. నా గట్టి అభిప్రాయం ముందే చెప్తాను. కాంప్రిహెన్సివ్ రకం విజిటర్ ప్లాన్ కొత్తగా వచ్చిపడే జబ్బుకూ ప్రమాదానికీ నమ్ముకోదగ్గ రక్షణ. ఫిక్స్‌డ్ బెనిఫిట్ రకం జోలికి మాత్రం ఈ వీసా మీద వెళ్ళేవారు పోకూడదు.

ఇంత ఖండితంగా చెప్పడానికి కారణం వీసా స్వభావంలోనే ఉంది. తల్లిదండ్రులకు ఒంట్లో బాగాలేకపోతే, ప్రయాణం చేయగల స్థితిలో ఉంటే, టికెట్ ముందుకు జరిపించి హైదరాబాదుకో విజయవాడకో తీసుకుపోయి అక్కడ వైద్యం చేయిస్తారు. కె-1 మీద వెళ్ళినవారికి ఆ దారి లేదు. ఈ వీసాపై ఒక్కసారే ప్రవేశం. దిగిన 90 రోజుల్లో పెళ్ళి జరగాలి. ఆ తరువాత గ్రీన్ కార్డు కోసం ఐ-485 దరఖాస్తు పెట్టి, అడ్వాన్స్ పెరోల్ (బయటికి వెళ్ళి తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి) చేతికి రాకుండా దేశం దాటితే ఆ దరఖాస్తును వదులుకున్నట్టే లెక్క. అంటే జబ్బు ఏదైనా, ఎంత ఖర్చైనా, కొన్ని నెలలపాటు వైద్యం అమెరికాలోనే జరగాలి. అలాంటి మనిషికి చవక ప్లాన్ కొనిపెట్టడం పొదుపు కాదు.

ఫిక్స్‌డ్ బెనిఫిట్ ప్లాన్‌లో డాక్టరును చూస్తే ఇంత, ఎక్స్‌రేకు ఇంత, ఆసుపత్రిలో రోజుకు ఇంత అని ముందే రాసిపెట్టిన మొత్తం మాత్రమే ఇస్తారు, బిల్లులో మిగిలినదంతా మనమే కట్టుకోవాలి. కాంప్రిహెన్సివ్ ప్లాన్‌లో మొదట డిడక్టిబుల్, అంటే మనం ముందుగా కట్టాల్సిన నిర్ణీత మొత్తం, పోతుంది. ఆ తరువాత బీమా సంస్థ, ప్లాన్‌ను బట్టి, కవరేజీ పరిమితి దాకా మొత్తం బిల్లునైనా భరిస్తుంది, లేదా మొదటి 5,000 డాలర్లలో 80 శాతం ఇచ్చి ఆ పైన పూర్తిగానైనా భరిస్తుంది. నేను లక్ష డాలర్ల కవరేజీ, 250 డాలర్ల డిడక్టిబుల్, పీపీఓ నెట్‌వర్క్ (బీమాతో ఒప్పందం ఉన్న ఆసుపత్రులు, డాక్టర్ల జాబితా) ఉన్నది ఎంచుకున్నాను. ముప్ఫై దాటని వయసు కాబట్టి ప్రీమియం నెలకు వంద డాలర్ల లోపే పడింది. మన దగ్గర కొనే ట్రావెల్ పాలసీలు కూడా చూశాను గానీ, నేను చదివిన వాటి షరతులన్నీ తిరుగు ప్రయాణం ఉన్నవారిని దృష్టిలో పెట్టుకుని రాసినవే. స్థిరపడటానికి వెళ్ళే వ్యక్తి క్లెయిమ్ పెడితే ఆ షరతులే అడ్డం వస్తాయని వదిలేశాను.

ప్లాన్ అసలు విలువ తెలిసింది ఒక రాత్రి నడుము కుడివైపు నుంచి పొత్తికడుపులోకి దిగిన నొప్పితో. అర్జెంట్ కేర్‌లో (ప్రాణాపాయం లేని జబ్బులకు అప్పటికప్పుడు చూసే క్లినిక్‌లో) మూత్రపరీక్ష చేసి, మూత్రపిండంలో రాయి కావచ్చని, సీటీ స్కాన్ అవసరమని ఆసుపత్రి ఎమర్జెన్సీకి పంపారు. చిన్న జబ్బుకు నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళి, అక్కడ చేర్చుకోకుండా ఇంటికి పంపితే, చాలా ప్లాన్‌లలో అదనంగా మరో డిడక్టిబుల్ వేస్తారు. అందుకే ఊపిరి అందకపోవడం, ఛాతీ నొప్పి, పెద్ద గాయం వంటివి కానప్పుడు ముందు నెట్‌వర్క్‌లోని అర్జెంట్ కేర్‌కు వెళ్ళడం మేలు. స్కాన్‌లో చిన్న రాయే కనిపించింది, మందులతో అదే పోయింది. బిల్లు మాత్రం చిన్నది కాదు.

ఆ క్లెయిమ్ తేలడానికి నెలలు పట్టింది, అందుకు రెండు కారణాలు. మొదటిది పేరు. నా పాస్‌పోర్టులో ఇంటిపేరు వేరుగా, రెండు ముక్కల పేరు వేరుగా ఉన్నాయి. ఆసుపత్రి రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర ఆ రెండో ముక్కను ఇంటిపేరు గడిలో కొట్టి, అసలు ఇంటిపేరును వదిలేశారు. బీమా కార్డు మీద ఒక పేరు, బిల్లు మీద ఇంకొక పేరు ఉండేసరికి సంస్థ ఫైలును పక్కన పెట్టింది. మన ఇంటిపేర్లతో ఈ చిక్కు ఎవరికైనా రావచ్చు కాబట్టి, చేతికి కట్టే పట్టీ మీద అచ్చైన పేరును అక్కడే, అప్పుడే పాస్‌పోర్టుతో సరిచూసుకోవడం మంచిది. రెండోది, ముందునుంచే ఉన్న జబ్బా కాదా అన్న విచారణ. ఇటువంటి ప్లాన్‌లు పాలసీకి ముందు ఉన్న జబ్బులకు సాధారణంగా డబ్బు ఇవ్వవు. దాన్ని తేల్చుకోవడానికి గడిచిన రెండు మూడేళ్ళ వైద్య రికార్డులు అడుగుతాయి. బయలుదేరే ముందు గుంటూరులో చేయించుకున్న అల్ట్రాసౌండ్ రిపోర్టు, అందులో రెండు మూత్రపిండాలూ మామూలుగా ఉన్నాయన్న ఒక్క వాక్యం, నా వాదనను నిలబెట్టింది. అది పంపాక డిడక్టిబుల్‌నూ నా వాటానూ తీసేసి మిగిలినదంతా చెల్లించారు. ప్రయాణానికి ముందు మామూలు ఆరోగ్య పరీక్షలు చేయించుకుని, రిపోర్టులన్నీ స్కాన్ చేసి దగ్గర పెట్టుకోమని మా చెల్లెలికి చెప్పినట్టే అందరికీ చెప్తున్నాను.

ఇక ప్లాన్ ఎన్నాళ్ళు కావాలన్నది ముహూర్తం మీద కాదు, చట్టం దృష్టిలో పెళ్ళి జరిగిన తేదీ మీద ఆధారపడుతుంది. నేను దిగేసరికి ఆషాఢం ముంచుకొచ్చింది. పెద్దవాళ్ళు శ్రావణంలోనే మంచి ముహూర్తం అన్నారు. మేము మెకిన్నీలోని కౌంటీ క్లర్క్ కార్యాలయంలో మ్యారేజ్ లైసెన్స్ తీసుకుని, టెక్సస్ నియమం ప్రకారం 72 గంటలు ఆగి, న్యాయాధికారి ముందు పెళ్ళి చేసుకున్నాం. తలంబ్రాల పెళ్ళి శ్రావణంలో గుడిలో జరిగింది. అత్తయ్యగారు మొదట కొంచెం బాధపడ్డా, బీమాకూ గ్రీన్ కార్డుకూ ఆ కాగితమే ఆధారమని తెలిశాక ఒప్పుకున్నారు. 1996 నాటి హిపా అనే అమెరికా ఆరోగ్య బీమా చట్టం ప్రకారం, పెళ్ళైన నాటి నుంచి కనీసం 30 రోజుల గడువులో జీవిత భాగస్వామిని కంపెనీ బీమాలో చేర్చుకోమని అడగవచ్చు. కవరేజీ ఆ అభ్యర్థన అందిన తరువాతి నెల మొదటి తేదీకల్లా మొదలవ్వాలి. కొన్ని కంపెనీలు పెళ్ళి తేదీ నుంచే ఇస్తాయి. జులై 31న అడిగితే ఆగస్టు 1 నాటికి వచ్చే కవరేజీ, ఆగస్టు 2న అడిగితే సెప్టెంబరు 1 దాకా ఆగవచ్చు. కాబట్టి పెళ్ళి సర్టిఫికెట్ ధ్రువీకృత ప్రతి వెంటనే తీసుకోవాలి. సొంతంగా బీమా కొనుక్కునే ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్‌లో అయితే ఈ గడువు 60 రోజులు.

మా విషయంలో పెళ్ళి నాటికి మావారు కొత్త ఉద్యోగంలో చేరారు. కొత్తవారికి బీమా మొదలు కావడానికి కంపెనీలు గరిష్ఠంగా 90 రోజుల వరకు నిరీక్షణ కాలం పెట్టుకోవచ్చు, వారి కంపెనీ దాన్ని దాదాపు పూర్తిగా వాడుకుంది. అందుకే తాత్కాలిక ప్లాన్‌ను పొడిగించాల్సి వచ్చింది. ఇక్కడ ఒక సంగతి చాలా ముఖ్యం. పాత పాలసీని గడువు తీరకముందే పొడిగించడం వేరు, గడువు తీరాక కొత్తది కొనడం వేరు. పొడిగిస్తే పాలసీ ఒకటే కాబట్టి, నడుమ వచ్చిన జబ్బు కొత్త జబ్బుగానే కొనసాగుతుంది. కొత్త పాలసీ కొంటే మూత్రపిండంలోని ఆ రాయే ముందునుంచే ఉన్న జబ్బుగా మారిపోతుంది, డిడక్టిబుల్ కూడా మళ్ళీ మొదటినుంచి కట్టాలి. కొనేటప్పుడే ఆన్‌లైన్‌లో పొడిగించే వీలున్న ప్లాన్‌నే ఎంచుకోవడానికి ఇదొక్క కారణమే చాలు.

ఈ ప్లాన్ ఇవ్వనివి కూడా తెలిసి ఉండాలి. మామూలు చెకప్‌లు, పళ్ళ శుభ్రత, కళ్ళద్దాలు, గ్రీన్ కార్డు దరఖాస్తుకు కావలసిన టీకాలు ఇందులో రావు. టీకాలు వీసా మెడికల్ సమయంలో ఇండియాలోనే వేయించుకుని రికార్డు వెంట తెచ్చుకోవడం చవక. అన్నిటికన్నా పెద్ద లోటు గర్భధారణ. చాలా విజిటర్ ప్లాన్‌లు మామూలు ప్రసవ ఖర్చును కవర్ చేయవు, కంపెనీ బీమా చేస్తుంది. కొత్తగా పెళ్ళైనవారు ఈ విషయం మాట్లాడుకోవడానికి మొహమాటపడతారు గానీ, కంపెనీ బీమా మొదలయ్యే తేదీ తెలిసే దాకా తొందరపడకపోవడం మంచిదని ఆడపిల్లలకు స్పష్టంగా చెప్పేవాళ్ళు ఇంట్లో ఒకరుండాలి.

కంపెనీ బీమా కార్డు చేతికి వచ్చి, ఆన్‌లైన్‌లో కవరేజీ తేదీ కనబడ్డాకే పాతదాన్ని రద్దు చేశాను. క్లెయిమ్ పెట్టిన పాలసీకి మిగిలిన రోజుల డబ్బు సాధారణంగా తిరిగి రాదు కాబట్టి, మొదటే ఏడాదికి కొనకుండా కొద్ది నెలలకు కొని పొడిగించుకుంటూ పోవడం లాభం. రద్దయిన తరువాత కూడా ఆసుపత్రి నుంచి ఒకటి, స్కాన్ చదివిన డాక్టరు నుంచి ఒకటి చొప్పున ఆలస్యంగా బిల్లులు వచ్చాయి. సేవ అందిన తేదీన పాలసీ అమల్లో ఉంటే చాలు, వాటినీ పాత సంస్థకే పంపాలి. ఆ కార్డు, లాగిన్ వివరాలు చివరి బిల్లు తేలేదాకా భద్రంగా ఉంచుకోండి.