ఉచితానికి పొడుగు, ఆటకు పొట్టి: చిన్నపిల్లలతో థీమ్ పార్కు

పొద్దున హన్మకొండలో బయలుదేరి రాత్రికి ఇల్లు చేరేలా హైదరాబాద్ థీమ్ పార్కుకు పిల్లల్ని తీసుకెళ్లొచ్చా అని మా అపార్ట్‌మెంట్‌లో ఎవరడిగినా, నేను పిల్లల వయసు అడగడం మానేశాను. ఎత్తెంత అని అడుగుతున్నాను. పార్కువాళ్లకు మన పిల్లల పుట్టినరోజుతో పనిలేదు. టికెట్టు కౌంటర్ పక్కన గోడకు గీసిన గీతలతోనే పని. ఒక గీత కింద ఉంటే ఉచితం, దాని పైన 140 సెంటీమీటర్ల దాకా పిల్లల టికెట్టు, అది దాటితే పెద్దవాళ్ల టికెట్టు. చాలా పార్కుల్లో లెక్క అటూ ఇటూగా ఇదే.

మా పాపకు రెండున్నరేళ్లు. ఉచితం గీతకు రెండు వేళ్ల పైకి వచ్చింది. కౌంటర్‌లో అబ్బాయి తలమీద పిలక పక్కకు నొక్కి మరీ కొలిచాడు. అంతే, 1,150 రూపాయలు. లోపలికి వెళ్లాక తెలిసిందేమిటంటే, ఆ ఎత్తున్న పిల్లను ఎక్కనిచ్చేవి మెల్లగా తిరిగే గుర్రాలు, బొమ్మ రైలు, మోకాలి లోతు నీళ్ల కుంట మాత్రమే. అంటే ఉచితంగా వెళ్లడానికి మరీ పొడుగు, ఆడుకోవడానికి మరీ పొట్టి. ఈ మధ్యలో ఇరుక్కున్న పిల్లలున్న ఇళ్లవాళ్లే ఎక్కువ డబ్బు పోసి తక్కువ ఆడేది. నా కోపమంతా అక్కడే.

వెళ్లింది మేమిద్దరం, పిల్లలిద్దరు, అత్తమ్మ, మా అక్క, ఏడో తరగతి చదివే అక్క కొడుకు. వాడు 146 సెంటీమీటర్లున్నాడు కాబట్టి పెద్దవాళ్ల లెక్కలో పడ్డాడు. పెద్ద టికెట్లు నాలుగు, ఒక్కోటి 1,450. అత్తమ్మకు ఆధార్ చూపిస్తే సీనియర్ రాయితీలో 1,100. పిల్లల టికెట్లు రెండు 2,300. గేటు దాటేసరికే 9,200 అయ్యాయి. శనివారం కాబట్టి ఈ రేటు, వారం మధ్యలో తక్కువేనట.

ప్రయాణం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఉదయం ఏడింటికి బయలుదేరి జనగామ, ఆలేరు, భువనగిరి మీదుగా ఘట్‌కేసర్ దగ్గర ఓఆర్ఆర్ (హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కాం. పదిన్నరకల్లా పార్కు ముందున్నాం. పాప ఒకసారి వాంతి చేసుకుంది, అంతే.

గేటు తీసేది పదకొండింటికి. అక్కడ సంచుల తనిఖీ. అత్తమ్మ తెల్లవారుజామున లేచి పులిహోర కలిపింది, ఒక డబ్బా నిండా సకినాలు పెట్టింది. సెక్యూరిటీ కుర్రాడు డబ్బా మూత తీసి ఒక సకినాన్ని రెండు వేళ్లతో పైకెత్తి అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏదో అనుమానపు వస్తువు దొరికినట్టు. మళ్లీ డబ్బాలో వేసి, "బయటి ఫుడ్ అలౌడ్ లేదమ్మా, కార్ల పెట్టి రండి" అన్నాడు. పాప పాలసీసా, సెరెలాక్ మాత్రం వదిలారు, అంతవరకు నయం. అత్తమ్మ మొహం అప్పుడే మారిపోయింది. "ఇంట్ల చేసిన తిండికి ఏం రోగమొచ్చిందట?" అని ఆ కుర్రాడినే అడిగింది. వాడు పాపం నవ్వి ఊరుకున్నాడు. లోపల వెజ్ బిర్యానీ 240, గిన్నెడు పెరుగన్నం 130. ఆ పెరుగన్నం తిన్నంతసేపూ అత్తమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. మధ్యాహ్నం తిండికి, సాయంత్రం చాయ్‌లకు కలిపి 2,140 అయ్యాయి. తాగే నీళ్లు మాత్రం లోపల కుళాయిల్లో ఉచితంగా దొరుకుతాయి, ఖాళీ సీసా పట్టుకెళ్తే చాలు.

ఇక మావాడి సంగతి. వాడికి ఐదేళ్లు, ఎత్తు 107 సెంటీమీటర్లు. పిల్లల ఆటల్లో కాస్త వేగంగా తిరిగేది ఒకటుంది, దూరం నుంచి చూసి అదే కావాలన్నాడు. క్యూలో నిలబడ్డాం. మలుపులు మలుపులుగా ఇనుప కమ్మీల మధ్య ముప్పావుగంట. వాడు ముందున్న పిల్లలందరికీ "నేను ముందు సీట్ల కూసుంట" అని చెప్పుకుంటూ వచ్చాడు. మెట్లెక్కి పైకి చేరాక, సరిగ్గా ఆట ఎక్కే చోట, ఎత్తు కొలిచే కర్ర ఉంది. 110 దగ్గర ఎర్ర రంగు. ఆపరేటర్ వాడిని కర్రకు ఆనించి నిలబెట్టాడు. వాడు మడమలు లేపాడు. ఆపరేటర్ భుజం మీద చెయ్యి వేసి కిందకు దించాడు. "తక్కువున్నడు మేడం, నెక్స్ట్ ఇయర్ తీసుకురండి" అని తరువాతి పిల్లాడిని పిలిచాడు.

ఎత్తు నిబంధన తప్పని నేననను. సీటుకుండే కడ్డీ, బెల్టు ఒక సైజు ఒంటికి సరిపోయేలా చేస్తారు. చిన్న ఒళ్లయితే సందులోంచి జారిపోతుంది. ఆపరేటర్ జాలిపడి ఎక్కించి ఉంటే అప్పుడు ఇంకా గట్టిగా తిట్టేదాన్ని. కానీ ఆ కర్ర క్యూ మొదట్లో పెట్టడానికి ఏం అడ్డం? పెద్ద ఆటల దగ్గర కిందే బోర్డు పెట్టారు, పిల్లల ఆట దగ్గర మాత్రం పైన పెట్టారు. ముప్పావుగంట నిలబెట్టి, వంద మంది చూస్తుండగా పిల్లాడిని అదే క్యూలోంచి వెనక్కి నడిపించడం ఏం పద్ధతి? వాడు కిందికొచ్చేదాకా ఏడవలేదు. కిందికొచ్చాక నేల మీద కూర్చుని ఏడ్చాడు. అక్కడున్న సిబ్బందికి ఈ మాట చెబితే "ఫీడ్‌బ్యాక్ ఫామ్ ఎగ్జిట్ దగ్గరుంది" అన్నారు. నింపాను. జవాబు రాలేదు.

ఆ పైన అత్తమ్మ ఊరుకుంటుందా. "అన్నం తినమంటే తినవు, గందుకే పొడుగు కాలే" అని మొదలుపెట్టింది. నాకు ఒళ్లు మండింది కానీ, వాడు ఏడుపు ఆపి ఆలోచనలో పడ్డాడు.

కొలతల మాట వచ్చింది కాబట్టి ఇది చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెరుగుదల పట్టికల ప్రకారం ఐదేళ్లకు మధ్యస్థంగా ఉండే ఎత్తు 110 సెంటీమీటర్ల దగ్గర. ఆరేళ్లకు 115, 116. 120 దాటేది ఏడేళ్లకు. 140 దాటేది పదేళ్లు నిండాకే. పెద్ద కోస్టర్లు చాలావాటికి 140 కావాలి. అంటే యూకేజీ పిల్లాడిని టీవీ ప్రకటనలో కనబడే ఆటల కోసం తీసుకెళ్తే, వాటిలో ఒక్కటి కూడా వాడిది కాదు.

నీళ్ల ఆటలకు నూలు బట్టలు పనికిరావు, నైలాన్ గానీ లైక్రా గానీ ఉండాలి. నూలు పోగులు ఊడి నీళ్లు వడకట్టే ఫిల్టర్లలో చిక్కుకుంటాయి. లోపలి దుకాణంలో అక్క కొడుక్కి 550, మావాడికి 400, పాపకు 350 పెట్టి కొన్నాం. అదే రకం హన్మకొండ చౌరస్తాలో సగానికి దొరుకుతుంది. లాకర్‌కు 200. పాప ఉన్నవాళ్లు స్విమ్ డైపర్ తీసుకెళ్లండి. మామూలు డైపర్ నీళ్లు తాగి ఉబ్బిపోయి పిల్లను నడవనివ్వదు.

డిసెంబర్‌లో వెళ్లాం. ఎండ బాగానే ఉంది కానీ నీళ్లు చల్లగా ఉన్నాయి. నాలుగయ్యేసరికి మావాడి పెదాలు నీలంగా మారాయి, అయినా బయటికి రానంటాడు. పాప అయితే పైనుంచి బకెట్టు ఒక్కసారి బోర్లపడి నీళ్లు కుమ్మరించగానే జడిసి నా మెడ పట్టుకున్నది మళ్లీ దిగలేదు. ఒంటిగంట నుంచి మూడింటి దాకా అత్తమ్మ ఒళ్లో నిద్రపోయింది, అది దాని రోజువారీ వేళ. లెక్కేసి చూడండి: రానుపోను ఏడు గంటల ప్రయాణం, రెండు గంటల నిద్ర, క్యూలు, తిండి. రెండున్నరేళ్ల పిల్ల నికరంగా ఆడింది గంటన్నర లోపే. దానికి నచ్చింది కూడా చేతులు కడుక్కునే చోటున్న సెన్సార్ కుళాయి. చెయ్యి పెడితే నీళ్లు, తీస్తే బంద్. అక్కడి నుంచి లాగడానికి ఇద్దరం కావాల్సి వచ్చింది.

అక్క కొడుకు మాత్రం పండగ చేసుకున్నాడు. మా ఆయన్ని వెంటేసుకుని ఎక్కనిది లేదు. తలకిందులుగా తిప్పేది మూడోసారి ఎక్కమంటే మా ఆయన బెంచీ మీద కూలబడి నిమ్మసోడా అడిగాడు. వాడి వయసువాళ్లకు ఆ 1,450 దండగ కాదు, నిజంగా చెప్తున్నా.

బయటికొచ్చాక ఇంకో కథ. బండి మాట్లాడినప్పుడు హన్మకొండ ట్రావెల్స్ అతను ఫోన్‌లో "రానుపోను 5,500, టోల్ మీదే" అన్నాడు. రాత్రి పార్కింగ్‌లో డ్రైవర్ 7,300 అన్నాడు. బాటా, అంటే డ్రైవర్ రోజు భత్యం, వేరే, తొమ్మిది దాటితే నైట్ చార్జి వేరే, పార్కింగ్‌లో నిలబెట్టినందుకు వెయిటింగ్ వేరే. పిల్లలు నిద్రకు పడిపోతున్నారని తెలిసే ఆ టైంలో అడుగుతారు. మా అక్క ఊరుకునే రకం కాదు. ఫోన్‌లో ఓనర్‌ను పట్టుకుని భువనగిరి దాకా వాదించి 6,500కు తెంచింది. ఆ వెయ్యి ఎందుకిచ్చావని మా ఆయన్ని ఇప్పటికీ అడుగుతుంది.

రోజంతట్లో మంచి భోజనం జనగామ దాటాక దొరికింది. రేకుల షెడ్డు, నాలుగు బల్లలు, ఒకావిడ, ఆవిడ కొడుకు. పప్పుచారు, దొండకాయ వేపుడు, కోడిగుడ్డు పొరటు, ఎర్రగా కాలిన అప్పడం. ప్లేటు 90. మావాడు, సగం రోజు అలిగి ఉన్నవాడు, ప్లేటు ఖాళీ చేసి "ఇంకా ఎయ్యి, నేను నూటపది కావాలె" అన్నాడు. ఆవిడకు అర్థం కాలేదు. అత్తమ్మ విషయం చెబితే నవ్వి ఇంకో గరిటెడు నెయ్యి వేసింది. పిల్లలిద్దరికీ లెక్క కట్టలేదు, అయిదుగురికి 450 తీసుకుంది. కారులోంచి తెచ్చిన అత్తమ్మ పులిహోర కూడా అక్కడే విప్పితే ఆవిడే ముందు రుచి చూసి మెచ్చుకుంది. అప్పటికి గానీ అత్తమ్మ మొహం విచ్చుకోలేదు.

మొత్తం 19,790, టోళ్లు కాకుండా.

ఆ తర్వాత ఇవే పిల్లల్ని లక్నవరం తీసుకెళ్లాం. గోవిందరావుపేట దగ్గర, మనకు డెబ్బై ఎనభై కిలోమీటర్లు. వేలాడే వంతెన నడుస్తుంటే ఊగుతుంది, పాప కేరింతలు కొట్టింది, ఎవరూ ఎత్తు కొలవలేదు. దారిలోనే కొద్దిగా పక్కకు మళ్లితే పాలంపేట రామప్ప గుడి. యునెస్కో 2021లో గుర్తించింది కదా అని పెద్దవాళ్లు శిల్పాలు చూస్తుంటే, పిల్లలు పచ్చికలో పరుగెత్తారు. కోతులతో జాగ్రత్త, చేతిలో బిస్కెట్ ప్యాకెట్ కనబడనివ్వొద్దు. పెట్రోలు, పడవ, తిండి అంతా కలిపి 3,000 లోపు. అంత దూరం కూడా వద్దనుకుంటే హంటర్ రోడ్డులో కాకతీయ జూ ఉంది. నాలుగేళ్ల లోపువాళ్లకు అది చాలు.

హైదరాబాదే వెళ్లాలని పట్టుబడితే, ఐదారేళ్లవాళ్లకు రామోజీ ఫిల్మ్ సిటీ కాస్త మేలని నా అభిప్రాయం. అక్కడ ఎక్కే ఆటల కన్నా చూసేవి ఎక్కువ, చాలా దూరాలు బస్సులో తిప్పుతారు. మనవైపు నుంచి వెళ్లేవాళ్లకు ఘట్‌కేసర్‌లో ఓఆర్ఆర్ ఎక్కి పెద్ద అంబర్‌పేటలో దిగితే సరి. అయినా నడక ఉంటుంది, చంకలో పిల్ల ఉంటే ఆలోచించుకోండి.

ఇంట్లో ఒకరు పెద్ద, ఒకరు చిన్న అయితే అందరూ ఒకే బండిలో బయలుదేరొద్దు. పెద్దవాడిని తండ్రితోనో మేనమామతోనో పంపండి. ఉప్పల్ దాకా ఆర్టీసీ బస్సు, అక్కడి నుంచి క్యాబ్. తల్లి వెళ్తానంటే ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఆమెకు తెలంగాణ మహాలక్ష్మి పథకం కింద ప్రయాణం ఉచితం, ఆధార్ మరిచిపోవద్దు. చిన్నవాళ్లు ఆ రోజు అమ్మమ్మ ఇంటికి. నెల ఏదంటే ఫిబ్రవరి రెండో సగం, అదీ వారం మధ్యలో. నీళ్లు వణికించవు, కాళ్ల కింద సిమెంటు కాలదు, డిసెంబర్‌లో వచ్చే బడి విహారయాత్రల బస్సులూ ఉండవు. మేడారం జాతర ఏడాదైతే ఆ వారం మాత్రం ఈ రోడ్డు ఎక్కకండి.

టికెట్టు బుక్ చేసేముందు పిల్లల్ని చెప్పులు విప్పించి గోడకు నిలబెట్టి కొలవండి. ఆ కొలతతో పార్కుకు ఫోన్ చేసి, ఇంత ఎత్తువాళ్లను ఏ ఆటలు ఎక్కనిస్తారో పేర్లతో సహా చెప్పమనండి. మూడు పేర్ల కన్నా ఎక్కువ రాకపోతే ఫోన్ పెట్టేయండి. బండి మాట్లాడుకుంటే బాటా, నైట్ చార్జి, వెయిటింగ్, మూడూ కలిపి ఎంతో ఓనర్ చేత వాట్సాప్‌లో రాయించుకోండి.