జాగ్రత్త: ఒసాకా లగ్జరీ హోటల్లో కలిసి ఉండే గదులు అడిగి మేము పడిన అవస్థ

మార్చి చివరి వారంలో, సాకురా పూలు విరబూసే కాలంలో, మా కుటుంబం నలుగురం ఒసాకా వెళ్లి, నగరం నడిబొడ్డున కొత్తగా కట్టిన ఒక ఖరీదైన హోటల్లో మూడు రాత్రులు బస చేశాము. హోటలు పేరు రాయడం లేదు. జరిగినదానిలో హోటలు తప్పు కొంత, గదులు అమ్మిన వెబ్‌సైటు తప్పు కొంత, చిన్న అక్షరాలు చదవని నా తప్పు మరికొంత ఉన్నాయి. పైగా ఇటువంటి నిబంధనలు అక్కడి పెద్ద హోటళ్లలో వింతేమీ కావు. పెద్దవాళ్లను, పిల్లలను వెంటబెట్టుకొని జపాను వెళ్లాలనుకునే మనవాళ్లు డబ్బు కట్టకముందే ఈ విషయాలు తెలుసుకోవాలని రాస్తున్నాను.

వెళ్లినవాళ్లం నేను, నా భార్య, తొమ్మిదేళ్ల మా అబ్బాయి, అరవై ఎనిమిదేళ్ల మా అమ్మ. అమ్మకు తెలుగు తప్ప మరో భాష రాదు. అందుకే రెండు గదులు తీసుకొని, అమ్మ, అబ్బాయి ఒక గదిలో, మేమిద్దరం పక్క గదిలో, మధ్యలో తలుపు తీసుకొని అటూ ఇటూ తిరగగలిగేలా ఉండాలనుకున్నాము. వీటినే కనెక్టింగ్ రూములంటారు. మేము బుక్ చేసిన వెబ్‌సైటులో ‘ప్రత్యేక కోరికలు’ అని ఒక గడి ఉంటే, అందులో ఈ సంగతి వివరంగా రాశాను. అమ్మ గదిలో రెండు విడి మంచాలు ఉండాలని కూడా రాశాను. మర్నాడు ‘మీ కోరిక హోటలుకు అందింది’ అని సందేశం వచ్చింది. అది చూసి నిశ్చింతగా, రద్దు చేసుకున్నా డబ్బు తిరిగిరాని పద్ధతిలో, మొత్తం ముందుగానే కట్టేశాను. అందింది అనడానికీ ఒప్పుకున్నాము అనడానికీ ఎంత తేడా ఉన్నదో ఒసాకా చేరాకగానీ తెలియలేదు.

హైదరాబాదు నుంచి బ్యాంకాక్ మీదుగా రాత్రి ప్రయాణం చేసి, ఉదయం ఏడు దాటాక కాన్సాయి విమానాశ్రయంలో దిగి, హరుకా రైలెక్కి నగరంలోకి వచ్చాము. హోటల్లో గది ఇచ్చేది మధ్యాహ్నం మూడింటికి. సామాను తీసుకొని భద్రంగా పెట్టారు, అమ్మకు కుర్చీ వేశారు, వేడి తువ్వాలు ఇచ్చారు. మర్యాదలో ఎక్కడా లోటు లేదు. ముందే గది కావాలంటే మాత్రం సగం రోజు అద్దె కట్టాలన్నారు. రాత్రంతా నిద్ర లేని మనిషిని ఆరు గంటలు లాబీలో కూర్చోబెట్టలేక ఒక గదికి కట్టాను. ఉదయం దిగే విమానంలో వెళ్లేవారు ఈ ఖర్చును ముందే లెక్కలో వేసుకోవాలి, లేదా ముందు రాత్రి నుంచే గది తీసుకోవాలి.

అసలు కష్టం గది తాళాలు చేతికి వచ్చినప్పుడు మొదలైంది. మాకు ఇచ్చిన రెండు గదుల మధ్య నాలుగు అంతస్తుల తేడా ఉంది. కలిసి ఉండే గదులు హోటల్లో కొద్దిగానే ఉంటాయని, అవి ఆ వారమంతా నిండిపోయాయని, వెబ్‌సైటు ద్వారా వచ్చిన కోరికలు ‘లభ్యతను బట్టి’ మాత్రమే తీరుస్తామని చెప్పి, రిసెప్షన్‌లోని అమ్మాయి నడుము వంచి క్షమాపణ కోరింది. ఆ వంగడం చూసి మన పని అవుతుందని నేను పొరపడ్డాను. జపానులో ఆ వినయం నిజమైనదే, కానీ అది నిబంధనను సడలించడానికి ఇచ్చే హామీ కాదు. కనీసం ఒకే అంతస్తులో ఇమ్మని అడిగితే, మేము కొన్న గదుల రకం వేరు కావడం వల్ల పై రకానికి మారాలని, ఒక్కో గదికి రాత్రికి 18,000 యెన్లు అదనమని చెప్పారు. అందుకు నేను ఒప్పుకోలేదు.

నాలుగు అంతస్తుల తేడా అంత పెద్ద విషయమా అని మీకు అనిపించవచ్చు. ఆ హోటల్లో లిఫ్టు ఎక్కాక గది కార్డు చూపిస్తే గానీ బటన్ పనిచేయదు. అదీ ఆ కార్డుకు చెందిన అంతస్తుకు, లాబీకి మాత్రమే. అంటే అమ్మ దగ్గరి కార్డుతో అమ్మ మా అంతస్తుకు రాలేదు, మా కార్డుతో మేము ఆమె గదికి వెళ్లలేము. భద్రత కోసం చేసిన ఏర్పాటే, కాదనను. అయితే ఆ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. మొదటి సాయంత్రం అమ్మ, అబ్బాయి మా గదికి రావాలని లిఫ్టు ఎక్కి, ఎంత నొక్కినా బటన్ వెలగక, ఎవరో పిలిచిన లిఫ్టు వాళ్లను లాబీకి తీసుకుపోతే, అక్కడినుంచి మళ్లీ తమ అంతస్తుకే వచ్చి, పావుగంట పైకీ కిందికీ తిరిగారు. మేము ఆ సమయంలో గదిలో కూర్చొని, అమ్మ స్నానం చేస్తున్నదేమో అనుకుంటున్నాము. చివరికి అబ్బాయి లాబీలో దిగి, ఉద్యోగి ఒకరిని పిలుచుకొచ్చాడు. రెండు గదులకూ పనిచేసేలా కార్డులు రాసి ఇవ్వమని అడిగితే రెండు నిమిషాల్లో చేసి ఇచ్చారు. అడిగితే అయ్యే పని. అడగాలని తెలియకపోతే అవస్థ. రెండు గదులు తీసుకునేవారు తాళం కార్డులు చేతికి వచ్చిన క్షణంలోనే ఈ మాట అడగాలి.

మంచాల మాట కూడా అంతే అయింది. అమ్మ గదిలో విడి మంచాలు కాక ఒకే పెద్ద మంచం ఉంది. దానితో సర్దుకుందామనుకునేసరికి మరో చిక్కు వచ్చింది. మన దేశంలో గది అద్దె గదికే. పిల్లవాడు నానమ్మతో పడుకుంటే ఎవరూ లెక్కపెట్టరు. జపానులో మాత్రం ఎంత మంది ఉంటారన్నదాన్ని బట్టి అద్దె మారడం సర్వసాధారణం. బుకింగ్ చేసేటప్పుడు ఆ గదికి ‘పెద్దవారు ఒకరు’ అని మాత్రమే నమోదు చేశాను, పిల్లవాడికి డబ్బు ఉండదన్న ధీమాతో. తల్లిదండ్రుల మంచం మీద పిల్లలు పడుకోవడాన్ని అక్కడ సోయినె అంటారు. దానికి డబ్బు తీసుకోని వయసు ఒక్కో హోటల్లో ఒక్కో తీరుగా ఉంటుంది. మా హోటల్లో అది ఐదేళ్ల వరకే. కనుక రాత్రికి 8,000 యెన్ల చొప్పున మూడు రాత్రులకు 24,000 కట్టవలసి వచ్చింది, ఉదయపు ఫలహారం కాక. ఇందులో హోటలును తప్పుపట్టను. పసిపిల్లలైనా సరే, బుకింగ్‌లో ప్రతి తలనూ వయసుతో సహా రాయండి. చెక్-ఇన్ సమయంలో అందరి పాస్‌పోర్టులూ అడిగి నకళ్లు తీసుకుంటారు. జపానులో చిరునామా లేని విదేశీయుల విషయంలో అది అక్కడి నియమం, కంగారు పడవలసింది లేదు. కానీ చెప్పని మనిషి ఆ బల్ల దగ్గరే బయటపడతాడు.

ఇక ధర సంగతి. వెబ్‌సైటు మొదటి పేజీలో గది రాత్రికి 60,000 యెన్లని కనిపించింది. దానికి 15 శాతం సర్వీస్ ఛార్జి కలిపితే 69,000. ఆ మొత్తం మీద 10 శాతం వినియోగ పన్ను వేస్తే 75,900. అంటే నూటికి ఇరవై ఆరున్నర ఎక్కువ. నేను నాలుగు హోటళ్లను పోల్చి చూసింది మొదటి పేజీలోని అంకెలతోనే, అందులో రెండు హోటళ్లు అన్నీ కలిపిన ధర చూపించాయని తరువాత గమనించాను. చౌక అనుకొని కొన్నది నిజానికి చౌక కాదన్నమాట. రెండు గదులకు మూడు రాత్రులకు 4,55,400 యెన్లయింది, మన రూపాయల్లో రెండున్నర లక్షలు దాటింది. ఇది కాక ఒసాకాలో బస పన్ను ఉంది. 2025 సెప్టెంబరు నుంచి దాన్ని పెంచారు. ఒక మనిషికి పడే అద్దె 20,000 యెన్లు, ఆపైన ఉంటే రాత్రికి మనిషికి 500 యెన్లు. దీన్ని ముందుగా కట్టిన సొమ్ములో చేర్చలేదు, రిసెప్షన్‌లో విడిగా కట్టించుకున్నారు.

వినియోగ పన్నును కలిపిన ధరనే కొనేవారికి చూపించాలని జపానులో 2021 ఏప్రిల్ నుంచి నియమం ఉంది. అయితే సర్వీస్ ఛార్జి పన్ను కాదు కనుక, హోటలు రెస్టారెంటు మెనూలో అది ధరలో కలవకుండా, అట్టడుగున ఒక్క వరుసగా ఉంటుంది. ఎలాగూ అది కట్టాము కదా అని విడిగా టిప్పు ఇవ్వబోయాను, తీసుకోలేదు. అక్కడ టిప్పు ఇచ్చే ఆచారం లేదు.

డబ్బు విషయంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టింది మాత్రం డిపాజిట్. గది అద్దె అంతా ముందే కట్టినా, లోపలి ఖర్చులకు హామీగా కార్డు మీద 1,50,000 యెన్లు నిలిపి ఉంచుతామన్నారు. నేను ఆలోచించకుండా, యెన్లు నింపుకొని వెళ్లిన ఫారెక్స్ కార్డు ఇచ్చాను. క్రెడిట్ కార్డు అయితే నిలిపేది పరిమితిలోంచి. ఫారెక్స్ కార్డులో నిలిపేది మన చేతి డబ్బే. వెళ్లేటప్పుడు అసలు బిల్లును విడిగా వసూలు చేసి, నిలిపిన సొమ్మును విడుదల చేశామన్నారు గానీ, అది కార్డులోకి తిరిగి వచ్చేసరికి ఇరవై మూడు రోజులు పట్టింది. హోటలు ‘మేము వదిలేశాము’ అంటుంది, బ్యాంకు ‘మాకు రాలేదు’ అంటుంది. ఈలోగా తరువాతి మజిలీ క్యోటోలో మా చేతిలో నగదు అయిపోయి, నా భార్య క్రెడిట్ కార్డు మీద నడిచాము. డిపాజిట్‌కు ఎప్పుడూ క్రెడిట్ కార్డే ఇవ్వండి, విడుదల చేసినట్టు ఒక కాగితం రాయించుకోండి. చెల్లింపు యంత్రం యెన్లా, రూపాయలా అని అడిగితే యెన్లనే ఎంచుకోండి. రూపాయలంటే మారకపు రేటును మన బ్యాంకు కాక వాళ్లు నిర్ణయిస్తారు, అది మనకు గిట్టదు.

చిన్న ఫ్రిజ్ కథ వింటే నవ్వు రావచ్చు, ఆ రోజు మాకు రాలేదు. అమ్మ గదిలో ఉన్న మినీబార్‌లో సీసాల కింద సెన్సర్లు ఉన్నాయి. సీసా కొద్దిసేపు పక్కకు తీస్తే చాలు, తాగినట్టే లెక్క. పక్క వీధిలోని కన్వీనియెన్స్ స్టోరులో కొన్న పెరుగు డబ్బా, ఇంటినుంచి తెచ్చుకున్న పచ్చడి స్టీలు డబ్బా పెట్టుకోవడానికి అమ్మ నాలుగు సీసాలు తీసి, బల్ల మీద పొందికగా సర్దిపెట్టింది. చివరి రోజు బిల్లులో 5,800 యెన్లు. సీసాల మూతలు కూడా తీయలేదని ఒక ఉద్యోగి పైకి వెళ్లి చూసి వచ్చి కొట్టివేశారు, కానీ అందుకు నలభై నిమిషాలు పట్టి మా రైలు తప్పింది. హౌస్‌కీపింగ్‌కు ఫోను చేసి ఫ్రిజ్ ఖాళీ చేయమంటే చేస్తారట. ఆ ‘అట’ కూడా బిల్లు దగ్గరే తెలిసింది.

శాకాహారులైన పెద్దవాళ్లకు అక్కడి ఫలహారం గురించి ఒక మాట తప్పకుండా చెప్పాలి. బఫేలో మిసో సూపు, టోఫు, ఉడికించిన కూరలు చూసి అమ్మకు సరిపోతాయనుకున్నాము. మాంసం ఉందా అని అడిగితే లేదన్నారు, చేప ఉందా అంటే చేప ముక్కలు లేవన్నారు. రెండో రోజు వంటవాణ్ణి విడిగా అడిగితే, సూపుకూ కూరలకూ వాడిన దాషి అనే మరిగించిన నీరు ఎండబెట్టిన బొనిటో చేప తురుముతో చేసినదని తెలిసింది. అమ్మ ఆ తరువాత ఆ రోజంతా పెరుగన్నం తప్ప ఏమీ ముట్టలేదు. మేము మోసపోయామని కాదు, మా ప్రశ్న తప్పు. అక్కడ ‘శాకాహారం’ అంటే చాలామందికి మాంసం కనిపించకపోవడమే. చేప తురుము దాషి లేకుండా, కొంబు అనే సముద్రపు నాచుతో చేసిన దాషి ఉన్నవి ఏవో చెప్పమని, వీలైతే జపనీస్ భాషలో రాసిన చీటీ చూపించి అడగండి.

స్నానాల గది గోడ గాజుది, తెర మీట మంచం పక్కన ఉంది. మనవడితో ఒకే గదిలో ఉన్న పెద్దావిడకు అది ఎంత ఇబ్బందో వేరే చెప్పనక్కరలేదు. ఈత కొలనుకు రుసుము విడిగా ఉండటమే కాక, పిల్లలకు మధ్యాహ్నం కొద్ది గంటలే అనుమతి. ఫొటోల్లో ఆ కొలను చూసే మా అబ్బాయి ఆ హోటలు కావాలన్నాడు.

తిరిగి వచ్చాక గదుల గురించి వెబ్‌సైటుకు ఫిర్యాదు చేశాను. గదుల కేటాయింపు హోటలు ఇష్టమని వాళ్లన్నారు. హోటలుకు రాస్తే, సొమ్ము తీసుకున్నది వెబ్‌సైటు కనుక తిరిగి ఇచ్చే అధికారం తమకు లేదని, ఎంతో వినయంగా, మరునాడే జవాబు ఇచ్చారు. రెండు వైపులా కాగితం ప్రకారం సరిగానే ఉన్నారు. నా బుకింగ్ పత్రం మళ్లీ తీసి చూస్తే, కలిసి ఉండే గదుల మాటగానీ, విడి మంచాల మాటగానీ అందులో ఎక్కడా లేదు. గది రకం, మనుషుల సంఖ్య, తేదీలు మాత్రమే ఉన్నాయి.

నవంబరులో మా అక్క, బావ, అత్తగారితో టోక్యో వెళ్తున్నారు. వాళ్ల కోసం ఈసారి నేను వెబ్‌సైటును ధరలు చూడటానికే వాడి, హోటలుకు నేరుగా ఈమెయిలు రాశాను: గదుల మధ్య తలుపు ఉంటుందని హామీ ఇస్తారా, ఇస్తే ఆ మాట బుకింగ్ పత్రంలో రాస్తారా, అన్నీ కలిపిన మొత్తం ఎంత, డిపాజిట్ ఎంత, లిఫ్టు కార్డు రెండు గదులకూ పనిచేస్తుందా, స్నానాల గదికి తెర ఉందా అని. మూడు హోటళ్లలో రెండు, హామీ ఇవ్వలేమని సూటిగా చెప్పాయి. మూడోది రాత్రికి కొంచెం ఎక్కువ ధరకు ఇస్తామని రాసి, బుకింగ్ పత్రంలో ఆ వాక్యం చేర్చి పంపింది. చేరే తేదీకి వారం ముందు వరకు రద్దు చేసుకునే పద్ధతిలోనే తీసుకున్నాము.