సర్జ్, స్పైక్, సోర్: ఉన్నట్టుండి పెరిగితే ఏ క్రియ మేలు?

ధర పెరిగిందని ఇంగ్లీషులో రాయవలసి వస్తే మనలో చాలామందికి ముందు తట్టే మాట 'ఇంక్రీజ్'. తప్పేమీ లేదు. కానీ ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్షలో గ్రాఫును వర్ణించేటప్పుడో, ఆఫీసులో అమ్మకాల నివేదిక రాసేటప్పుడో అదే మాటను పేరాకు నాలుగుసార్లు వాడటానికి మనసొప్పక పర్యాయపదాల జాబితా తెరుస్తాం. అక్కడ సర్జ్, సోర్, స్పైక్, జంప్ అన్నీ ఒకే అర్థంతో వరుసగా నిలబడి ఉంటాయి. చిక్కంతా ఆ జాబితాతోనే. ఎంత పెరిగిందన్న దానికంటే ఎలా పెరిగింది, పెరిగాక ఏమైంది అన్నవే ఈ క్రియలను విడదీస్తాయి.

టమాటానే తీసుకోండి. 2023 జులైలో కిలో వంద రూపాయలు దాటి, కొన్ని చోట్ల 200 దాకా పోయింది. సెప్టెంబరు నాటికి ధర కుప్పకూలి రైతు తల పట్టుకున్నాడు. దీనికి స్పైక్‌ను మించిన మాట లేదు. స్పైక్ అంటే మొనదేలిన మేకు. గ్రాఫులో గీత నిటారుగా లేచి, కొన దగ్గర మళ్ళి, దాదాపు అంతే నిటారుగా దిగిపోతుంది. ధర ఇంకా పైనే ఉండగా స్పైక్ అని రాసే పత్రికలు లేకపోలేదు గానీ, దిగిందో లేదో చూశాకే ఆ మాట వాడటం మేలని నా పట్టుదల. ఇంకో జాగ్రత్త: ఎవరి పానీయాన్నైనా 'స్పైక్' చేశారంటే అందులో మద్యమో మత్తుమందో రహస్యంగా కలిపారని అర్థం.

బంగారం కథ వేరు. 2024 ఆరంభంలో 10 గ్రాముల మేలిమి బంగారం 63 వేల రూపాయల చుట్టుపక్కల ఉండేది. 2025 ఏప్రిల్‌లో లక్ష దాటింది. మధ్యలో కాస్త తగ్గినా మళ్ళీ పైకే చూసింది. ఇక్కడ స్పైక్ అంటే అబద్ధమవుతుంది. కావలసింది సోర్, గద్ద రెక్కలు చాచి ఎత్తుకు వెళ్ళడానికి వాడే క్రియ. అందులో ఎత్తుతో పాటు ఆ ఎత్తున నిలవడం కూడా ఉంది. ఎండలకూ అద్దెలకూ ఆశలకూ బాగా నప్పుతుంది. పుండుకు వాడే 'సోర్' (sore) ఉచ్చారణా ఇదే కాబట్టి, రాసేటప్పుడు స్పెల్లింగు (soar) చూసుకోవాలి.

ఇక సర్జ్. దీని బలం ఎత్తులో లేదు, వెనక నుంచి తోసుకొచ్చే ఒత్తిడిలో ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చిందే, అది సర్జ్. 1977 నవంబరులో దివిసీమను ముంచిన ఉప్పెనను ఇంగ్లీషులో 'స్టార్మ్ సర్జ్' అనే అంటారు. వాన మొదలవగానే అందరూ ఒకేసారి క్యాబ్ కోరితే పెరిగే ఛార్జీకీ ఈ పేరే. గేటు తీయగానే జనం ముందుకు తోసుకొచ్చినా సర్జ్ సరిపోతుంది. అక్కడ సోర్ గానీ స్పైక్ గానీ అతకవు. అంకెకూ కదలికకూ రెండింటికీ పనికొచ్చేది కాబట్టి, ఒక్కటే నేర్చుకుంటానంటే నా ఓటు దీనికే.

ఒక్క అంగలో పెరిగితే జంప్ చాలు. 2022 జులైలో బంగారంపై మూల కస్టమ్స్ సుంకాన్ని కేంద్రం 7.5 శాతం నుంచి 12.5 శాతానికి పెంచింది. రాత్రికి రాత్రి వచ్చిన ఆ మార్పులో ప్రవాహమూ లేదు, ఎగరడమూ లేదు. పైగా అది 5 శాతం పెరుగుదల కాదు, 5 శాతం పాయింట్లు, అంటే రెండు శాతాల మధ్య తేడా. ఎంత మేరకు పెరిగిందో చెప్పాలంటే 'బై', ఎంతకు చేరిందో చెప్పాలంటే 'టు' పెట్టాలి. ఘనమైన క్రియ వేసి ఇక్కడ తడబడితే మార్కులు పోతాయి. రాకెట్‌లా దూసుకెళ్ళిందని చెప్పే స్కైరాకెట్ మాత్రం పరీక్షలోనూ నివేదికలోనూ వద్దు. టీవీ స్క్రోలింగుకు వదిలేయండి.

మనుషుల పరుగులోనూ ఇలాంటి తేడాలే. బస్సు అందుకోవడానికి నాలుగు అడుగులు ఉరికితే డ్యాష్. గోడ మీద బల్లి చటుక్కున పక్కకు జరిగితే డార్ట్. టపాకాయ పేలుడుకు బెదిరి గుర్రం పరుగందుకుంటే బోల్ట్. బ్రేకులు పోయిన లారీ ఘాట్ రోడ్డులో దూసుకొస్తుంటే హర్టిల్. ఈ చివరిదానిలో వేగంతో పాటు అదుపు తప్పడం కూడా ఉంటుంది కనుక, మీ అబ్బాయి బడికి పరుగెత్తాడని చెప్పడానికి దాన్ని వాడకండి, వినేవాళ్ళు కంగారుపడతారు.