క్యాప్ పాడైంది, పన్ను జివ్వుమంటోంది: అతికించడమా, మార్చడమా, ఆగి చూడడమా?

ఎప్పుడో వేయించుకున్న క్యాప్ అంచు విరుగుతుంది, లేదా ఊడి చేతిలోకి వస్తుంది. అదే సమయంలో చల్లనీళ్లు తగిలితే ఆ పక్కంతా జివ్వుమంటుంది. ఒక డెంటిస్టు క్యాప్ మార్చేద్దామంటారు. ఇంకొకరు పంటి లోపలి నరం తీసేసి పూడ్చే రూట్ కెనాల్ తప్పదంటారు. మూడో ఆయన పేస్టు వాడి నెల రోజులు చూద్దామంటారు. ముగ్గురి మాటా విన్నాక టెన్షన్ పెరుగుతుందే తప్ప ఏం చేయాలో తేలదు.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, క్యాప్ పాడవడాన్నీ పన్ను జివ్వుమనడాన్నీ ఒకే జబ్బు అనుకుని రెండింటికీ కలిపి ఒకే వైద్యం అడుగుతాం. ఒక్కోసారి అవి నిజంగానే ఒకటి. కొన్నిసార్లు మాత్రం క్యాప్ ఒక పంటిది, జివ్వుమనేది దాని పక్క పంటిది. అందుకే వైద్యాలను పోల్చే ముందు నొప్పి ఎక్కడిదో, ఎలాంటిదో తేలాలి. ఆ తర్వాత నా మొగ్గు ఎటో చెప్పేస్తాను: పన్నును తక్కువ చెక్కే వైద్యం ముందు, ఎక్కువ చెక్కేది తర్వాత. చెక్కేసిన పన్ను మళ్లీ పెరగదు. అయితే లోపల పుచ్చు లేదని, నరం బాగుందని తేలినప్పుడే ఈ లెక్క పనికొస్తుంది.

జివ్వుమనడం ఎంతసేపు ఉంటోంది?

పంటి పైపొర ఎనామెల్‌కు స్పర్శ లేదు. దాని కింద ఉన్న డెంటిన్‌లో కంటికి కనిపించనంత సన్నని గొట్టాలు వేలకు వేలు ఉంటాయి, వాటిలో ద్రవం ఉంటుంది. చలి, తీపి, గాలి తగలగానే ఆ ద్రవం కదులుతుంది, ఆ కదలికను లోపలి నరం నొప్పిగా పట్టుకుంటుంది. స్వీడన్‌కు చెందిన మార్టిన్ బ్రాన్‌స్ట్రోమ్ 1960లలో చెప్పిన ఈ వివరణనే దంతవైద్యులు ఇప్పటికీ అనుసరిస్తున్నారు. చిగురు కిందికి జారినా, పన్ను అరిగినా, క్యాప్ అంచు దగ్గర సందు పడినా డెంటిన్ బయటపడుతుంది. అప్పుడు జివ్వుమంటుంది.

ఇక్కడ అన్నిటికంటే ముఖ్యమైన గుర్తు, నొప్పి ఎంతసేపు నిలుస్తోందన్నది. చల్లనిది తీసేసిన కొన్ని సెకన్లలో తగ్గిపోతే నరం బాగానే ఉన్నట్టు, లేదా కోలుకునే స్థితిలో ఉన్నట్టు. అర నిమిషం దాటినా సలుపుతుంటే, వేడి తగిలితే ఇంకా ఎక్కువైతే, ఏదీ తగలకుండానే నొప్పి వస్తుంటే, రాత్రి నిద్రలోంచి లేపేస్తుంటే నరం కోలుకునే దశ దాటి ఉండొచ్చు. అలాంటప్పుడు పేస్టుతోనో కొత్త క్యాప్‌తోనో నయం కాదు. మిగిలేవి రూట్ కెనాల్, లేదంటే పన్ను తీయించుకోవడం. అంత నొప్పీ ఒకరోజు దానంతట అదే మాయమైతే సంతోషించకండి. నరం చచ్చిపోయి, వేరు చివర చీము చేరడం మొదలైందేమో చూపించుకోవాలి. కొరికినప్పుడు కాకుండా, కొరికి వదిలిన క్షణంలో చురుక్కుమంటే పగులు ఉందేమో చూడాలి.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. రూట్ కెనాల్ సరిగ్గా అయిన పంటికి చలి తెలియదు. అలాంటి పన్ను మీది క్యాప్ విరిగినప్పుడు చల్లనీళ్లకు జివ్వుమంటే నింద ఆ క్యాప్ మీద వేస్తాం గానీ, అసలు దోషి దాదాపుగా పక్క పన్నే. డెంటిస్టు చల్లబరిచిన చిన్న దూది ఉండను ఒక్కో పంటికి విడివిడిగా ఆనించి చూస్తారు. రెండు నిమిషాల పని. ఈ పరీక్ష చేయకుండా క్యాప్ మార్చేద్దామంటే, ముందు ఇది చేయమని అడగండి.

పేస్టా, పూతా, ఫిల్లింగా?

నరం బాగుండి, పుచ్చు లేకుండా ఊరికే జివ్వుమంటుంటే సెన్సిటివిటీ పేస్టుతో మొదలుపెట్టడమే మేలు. పొటాషియం నైట్రేట్ ఉన్నవి నరాన్ని శాంతపరుస్తాయి. స్టానస్ ఫ్లోరైడ్ గానీ ఆర్జినిన్ గానీ ఉన్నవి డెంటిన్ గొట్టాల నోళ్లు మూస్తాయి. ఏది వాడినా రోజుకు రెండుసార్లు, రెండు నుంచి నాలుగు వారాలు వాడాలి. మూడు నాలుగు రోజులకే పనిచేయడం లేదని వదిలేసేవాళ్లే ఎక్కువ. తోముకున్నాక నురగ ఉమ్మేసి, నీళ్లతో పుక్కిలించకుండా వదిలేస్తే మందు పంటి మీద నిలుస్తుంది. రాత్రి పడుకునే ముందు కొంచెం వేలితో ఆ చోట రాసుకోవచ్చు. పేస్టు మానేస్తే కొన్నాళ్లకు మళ్లీ మొదలవుతుంది, అది దీని లోపం.

నెల గడిచినా తేడా లేకపోతే డెంటిస్టు ఫ్లోరైడ్ వార్నిష్ పూస్తారు. 5 శాతం సోడియం ఫ్లోరైడ్ ఉన్న ఈ పూత పేస్టు కంటే చాలా గాఢమైనది. నొప్పి ఉండదు, చెక్కడం ఉండదు. కొన్ని నెలలకు ప్రభావం తగ్గుతుంది కాబట్టి మళ్లీ వేయించుకోవాలి. నాలుగైదు పళ్లు ఒకేసారి జివ్వుమనేవాళ్లకు ఇదే అనువు. అలా కాకుండా చిగురు పక్కన ఒకే పంటికి గాడి పడి ఉంటే, అక్కడ పంటి రంగు ఫిల్లింగ్ వేయించుకోవడం నయం. చిగురు బాగా జారి వేరు బయటపడితే, అంగిలి నుంచి కణజాలం తీసి కప్పే చిన్న ఆపరేషన్ కూడా ఉంది. అది అందరికీ అవసరం పడదు.

మరి జివ్వుమంటోందని క్యాప్ వేయించుకోవడం? గట్టిగా ఉన్న పన్నుకు దీన్ని నేను ఒప్పుకోను. క్యాప్ కోసం పన్నును చుట్టూ 1 నుంచి 2 మిల్లీమీటర్ల మేర అరగదీస్తారు. చిన్న అంకెలా వినిపిస్తుంది గానీ, పైకి కనిపించే పన్నులో సగానికి పైగా పోతుంది. ఆ అరగదీతకే కొన్ని పళ్లలో నరం దెబ్బతిని, తర్వాత రూట్ కెనాల్ దాకా వెళ్తుంది. పైగా క్యాప్ సాధారణంగా చిగురు అంచు దగ్గర ఆగుతుంది. జివ్వుమనేది చాలాసార్లు ఆ కిందున్న వేరు. పన్ను పగిలినప్పుడు, సగం ఫిల్లింగే అయినప్పుడు క్యాప్ న్యాయమైన వైద్యం. వట్టి సెన్సిటివిటీకి కాదు.

ఏ దారి పట్టినా, గట్టి బ్రష్‌తో బలంగా తోమడం, పుల్లని డ్రింకులు గంటల తరబడి చప్పరించడం, నిద్రలో పళ్లు కొరకడం, పళ్లు తెల్లబరిచే జెల్‌లు అతిగా వాడడం ఆపకపోతే జివ్వు తిరిగొస్తుంది.

ఊడిన క్యాప్‌ను ఒకసారి తిరగేసి చూడండి

క్యాప్ ఊడి చేతిలో ఉందనుకోండి. వెలుగులో దాని లోపలి వైపు చూడండి. పొడిపొడిగా, పెళుసుగా, క్యాప్ అతికించిన తెల్లటి సిమెంట్ మాత్రమే అంటుకుని ఉండి, నోట్లో మిగిలిన మొద్దు గట్టిగా, గరుకుగా నాలుకకు తగిలితే అది మంచి కబురు. శుభ్రం చేసి అదే క్యాప్‌ను మళ్లీ అతికించవచ్చు, కొత్తది అక్కర్లేదు. లోపల గోధుమరంగు మెత్తని పదార్థం, దుర్వాసన, లేదా క్యాప్‌తో పాటే విరిగొచ్చిన పంటి ముక్క కనిపిస్తే కథ వేరు. పుచ్చు మీద పాత క్యాప్ అతికించడమంటే చెద పట్టిన తలుపుకు రంగు వేయడమే. ఈసారి ఊడేటప్పుడు పన్నును కూడా తీసుకుపోతుంది.

డెంటిస్టును కలిసేదాకా క్యాప్‌ను చిన్న డబ్బాలో దాచండి. ఇంట్లో వాడే గమ్‌తో అతికించుకోవద్దు, అది చిగురును కాలుస్తుంది, క్యాప్ వంకరగా బిగుసుకుపోతుంది. వదులుగా పెట్టుకుని నిద్రపోవద్దు, ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదం ఉంది. వారాల తరబడి ఆగితే పక్క పళ్లు ఆ ఖాళీలోకి జరిగి, బాగున్న క్యాప్ కూడా కూర్చోదు.

ఊడకుండా పెచ్చు మాత్రమే ఎగిరితే ఎంత పెచ్చు, ఎక్కడ అన్నది చూడాలి. లోహం మీద పింగాణీ పూసిన క్యాప్‌లలో ఇది మామూలే. వెనక దవడ పన్ను మీద చిన్న పెచ్చు పోయి, లోపలి లోహం చెక్కుచెదరకుండా ఉంటే పదును తగ్గేలా నునుపు చేయించుకుంటే చాలు. ముందు పన్నయితే పంటి రంగు ఫిల్లింగ్ పదార్థమైన కాంపోజిట్‌తో పూడ్చవచ్చు. ఆ అతుకు కొత్త క్యాప్ అంత కాలం నిలవదు, మళ్లీ ఊడొచ్చు కూడా. అయినా నేను ముందు దానికే ఓటేస్తాను. ఎందుకంటే పాత క్యాప్ తీయడమంటే దాన్ని కోసి తీయడం. అలా కోసిన ప్రతిసారీ అడుగున ఉన్న పన్ను ఎంతో కొంత తగ్గుతుంది. చిగురు దగ్గర నల్లటి గీత కనిపించడం కూడా చాలావరకు అందానికి సంబంధించిన విషయమే. అంచు బిగుతుగా ఉంటే దాని కోసమే మార్చాల్సిన పని లేదు.

క్యాప్ అరిగి చిల్లు పడితే, డెంటిస్టు పన్ను తడిమి చూసే సూదిమొన పరికరం అంచు కింద దూరి తట్టుకుంటుంటే, ఎక్స్‌రేలో అంచు దగ్గర పుచ్చు కనిపిస్తే మాత్రం వాయిదా వేయకుండా కొత్తది వేయించుకోవాలి. అయితే లోహపు క్యాప్ కింద ఏముందో ఎక్స్‌రే చూపించలేదు, అంచులూ వేరు చివరా మాత్రమే కనిపిస్తాయి. తీశాక గానీ తెలియదని డాక్టర్ అంటే అది తప్పించుకునే మాట కాదు. తీశాక పుచ్చు లోతుగా ఉంటే ఏం చేస్తారో, అప్పుడు ఖర్చు ఎంతవుతుందో ముందే మాట్లాడుకోండి. నోరు తెరిచి, మత్తు ఎక్కి ఉన్నప్పుడు తీసుకునే నిర్ణయం కాదది.

కొత్త క్యాప్‌కు ముందు రూట్ కెనాల్ చేయించాలా?

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ఎందుకైనా మంచిదని ముందే రూట్ కెనాల్ చేసేద్దామన్న సలహా తరచుగా వినిపిస్తుంది. చలి పరీక్షకు పన్ను మామూలుగా స్పందించి, నొప్పి వెంటనే తగ్గిపోతుంటే ఆ సలహా వద్దనే అంటాను. బతికున్న నరం పంటికి కాపలా. రేపు పుచ్చు మొదలైతే మొదట చెప్పేది అదే. ఒకవేళ తర్వాత అవసరం పడినా, క్యాప్ పైనే చిన్న రంధ్రం చేసి రూట్ కెనాల్ పూర్తిచేసి ఆ రంధ్రం పూడ్చవచ్చు. చాలాసార్లు క్యాప్ అలాగే నిలుస్తుంది.

నరం ఇప్పటికే అనుమానంగా ఉంటే తూకం తిరగబడుతుంది. కొత్త క్యాప్ వేసిన నెలకే దాన్ని తొలిచే బదులు, ముందే రూట్ కెనాల్ చేయించడం తెలివైన పని. ఏమీ తేలని మధ్య స్థితిలో ఇంకో దారి ఉంది. తాత్కాలిక క్యాప్ పెట్టించుకుని కొన్ని వారాలు చూడడం. నరం నెమ్మదిస్తే నేరుగా శాశ్వత క్యాప్, నెమ్మదించకపోతే రూట్ కెనాల్. ఓపిక ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఇదే.

అసలు క్యాప్ నిలబడడానికి పన్ను మిగిలిందా అన్నది కూడా చూడాలి. చిగురు పైన చుట్టూ కనీసం 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల గట్టి పంటి గోడ ఉంటేనే క్యాప్ పట్టు దొరుకుతుంది. అది లేనప్పుడు వేరు లోపలికి పోస్టు అనే చిన్న కడ్డీ దిగ్గొట్టి క్యాప్ నిలబెట్టినా వేరు చీలే ప్రమాదం ఉంది. చిగురు, ఎముక కొంచెం తగ్గించి పన్ను ఎత్తు పెంచే పద్ధతి ఉంది. అదీ కుదరకపోతే తీయించుకుని ఇంప్లాంట్ (ఎముకలో స్క్రూ బిగించి దాని మీద పెట్టే పన్ను) గానీ బ్రిడ్జ్ (పక్క పళ్ల ఆసరాతో నిలిపే కట్టుడు పన్ను) గానీ పెట్టించుకోవడం మేలు. పక్క పళ్లు పూర్తిగా బాగుంటే ఇంప్లాంట్, ఎందుకంటే బ్రిడ్జ్ కోసం వాటిని చెక్కాలి. ఆ పక్క పళ్లకు ఎలాగూ క్యాప్‌లు కావాల్సి ఉంటే బ్రిడ్జ్ సబబు.

ఏ రకం క్యాప్ అన్నదానికి అంత ఆలోచన అక్కర్లేదు. వెనక పళ్లకు, పళ్లు కొరికే అలవాటున్నవాళ్లకు గట్టి సిరామిక్ అయిన జిర్కోనియా. ముందు పళ్ల అందానికి గాజులాంటి మెరుపున్న సిరామిక్, లిథియం డైసిలికేట్. పన్ను ఒక వైపే విరిగితే పూర్తి క్యాప్ కాకుండా ఆ భాగాన్నే కప్పే ఆన్‌లే కుదురుతుందా అని అడగండి, చెక్కడం తగ్గుతుంది.

కొత్త క్యాప్ వేశాక కొన్ని రోజులు, ఒక్కోసారి కొన్ని వారాలు చలికి జివ్వుమనడం మామూలే. రోజురోజుకూ తగ్గుతుండాలి. కొరికితే నొప్పి రావడం మాత్రం వేరే సంగతి. మత్తులో ఉండగా పళ్లు ఎలా ఆనుతున్నాయో మనకు సరిగ్గా తెలియదు, అందుకే క్యాప్ వెంట్రుకవాసి ఎత్తు ఉన్నా బాగానే ఉందనేస్తాం. ఇంటికొచ్చాక మొదట తగిలేది ఆ పన్నే అవుతుంది. అలవాటు పడుతుందిలే అని ఊరుకోకుండా మళ్లీ వెళ్లండి. డెంటిస్టు సన్నని నీలం కాగితం పెట్టి కొరకమంటారు, ఎత్తుగా ఉన్న చోట ముదురు నీలం చుక్క పడుతుంది. దాన్ని కాస్త అరగదీస్తే చాలాసార్లు నొప్పి అక్కడితో తగ్గుముఖం పడుతుంది. రాత్రి పళ్లు కొరికేవాళ్లయితే పడుకునేటప్పుడు పళ్లకు తొడుక్కునే నైట్ గార్డ్ చేయించుకోవాలి, లేకపోతే కొత్త క్యాప్‌కూ పాతదాని గతే పడుతుంది.

ఇంతవరకూ చెప్పినవన్నీ ఆలోచించి, ఇంకో డాక్టర్‌నూ అడిగి తేల్చుకోవడానికి వీలున్న విషయాలు. బుగ్గ వాచినా, జ్వరం వచ్చినా, నోరు తెరవడం కష్టమైనా అదే రోజు డెంటిస్టు దగ్గరికి వెళ్లాలి. మింగడానికో ఊపిరి తీసుకోవడానికో ఇబ్బందైతే నేరుగా ఆసుపత్రి ఎమర్జెన్సీకి.