చెక్‌లిస్టా, పక్క ట్యాబా: డిగ్రీ విద్యార్థులకు ఏది ముందు నేర్పాలి?

ప్రాజెక్టు రిపోర్టు రాసే డిగ్రీ విద్యార్థికి సమాచారం దొరకడం ఇప్పుడు కష్టం కాదు. దొరికినదాంట్లో దేన్ని నమ్మాలో తేల్చుకోవడమే కష్టం. అది నేర్పడానికి వాడుకలో ఉన్న పద్ధతులు ముఖ్యంగా రెండు.

ఒకటి చెక్‌లిస్టు. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ చీకో లైబ్రరీలో 2004లో తయారైన ‘క్రాప్ టెస్ట్’ బాగా తెలిసిన నమూనా. ఎప్పటిది, మన అంశానికి పనికొస్తుందా, రాసిందెవరు, రుజువులున్నాయా, ఎందుకు రాశారు అని అయిదు ప్రశ్నలు. ఒక్క కాగితంలో పడుతుంది, నెట్ లేని క్లాసులోనూ చెప్పొచ్చు, మార్కులు వేయడం తేలిక.

రెండోది లేటరల్ రీడింగ్. పేజీని చదవడానికి ముందే పక్కన ట్యాబ్ తెరిచి, దాని గురించి బయటివాళ్లు ఏమంటున్నారో చూడటం. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ అనే పరిశోధకులు 10 మంది చరిత్రకారులను, వార్తల్లో నిజానిజాలు తేల్చడమే వృత్తిగా ఉన్న 10 మంది ఫ్యాక్ట్ చెకర్లను, 25 మంది విద్యార్థులను పరీక్షించి 2017లో ఫలితాలు ప్రకటించారు. పిల్లల వైద్యుల సంఘాలు రెండింటి సైట్లు చూపిస్తే, 1930 నాటి పెద్ద సంఘాన్ని కాదని, 2002లో దాంతో విభేదించి పుట్టిన చిన్న సంఘం వైపే ఎక్కువమంది విద్యార్థులు మొగ్గారు. ఫ్యాక్ట్ చెకర్లు వెంటనే బయటికి వెళ్లి వెతికారు, తేడా పట్టేశారు.

ఒక్క పీరియడే చేతిలో ఉంటే రెండోదే ముందు నేర్పాలి. చెక్‌లిస్టు ప్రశ్నలకు విద్యార్థి జవాబులు వెతికేది అదే పేజీలో. మోసం చేయదలచినవాడు ఆ జవాబులన్నీ ముందే అమర్చి పెట్టుకుంటాడు. మన దగ్గర ‘ఐఎస్‌ఎస్‌ఎన్ ఉంది కాబట్టి మంచి జర్నలే’ అన్న నమ్మకం చాలా బలంగా ఉంది. అది పత్రికను గుర్తించే సంఖ్య మాత్రమే, నాణ్యతకు హామీ కాదు. డబ్బు తీసుకుని ఏదైనా అచ్చేసే జర్నల్ కూడా ఆ సంఖ్య తెచ్చుకోగలదు. పరిశోధన పేపర్లు వెతికే గూగుల్ స్కాలర్ అలాంటి జర్నళ్లను వడపోయదు.

క్లాసులో ఇద్దరికో ఫోన్ చాలు. ఒక మంచి పేపర్, ఒక అనుమానాస్పద జర్నల్, ఉపసంహరించిన (అచ్చయ్యాక జర్నల్ వెనక్కి తీసుకున్న) పేపర్ ఒకటి ఇవ్వండి. పేరు వెతికాక ఒక నిమిషం పాటు ఏదీ క్లిక్ చేయకుండా ఫలితాల పేజీనే చదవమనండి. తర్వాత రెండు వాక్యాలు రాయించాలి: ఆ పేపర్ లేదా జర్నల్ వెనుక ఎవరున్నారు, ఆ మాట ఎవరు చెప్పారు. లింకు తప్పనిసరి. ఎక్కువగా జరిగే తప్పు ఏమిటంటే, వెతకగానే పైన వచ్చే అదే జర్నల్ సైట్ తెరిచి ‘మా గురించి’ చదివేసి వచ్చేయడం. జర్నల్ సొంత మాట లెక్కలోకి రాదని ముందే చెప్పండి. వెతుకులాట ఫలితాలకు పైన కనిపించే ఏఐ సారాంశం కూడా అంతే, అది చూపిన లింకు తెరిచి చదివితేనే లెక్క.

అలాగని చెక్‌లిస్టును పారేయకూడదు. టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన బ్రిటన్ వైద్యుడు వేక్‌ఫీల్డ్ పేపర్ 1998లో లాన్సెట్ అనే వైద్య జర్నల్‌లో వచ్చింది. పేరున్న జర్నల్, రాసింది వైద్యులు. 2010లో దాన్ని ఉపసంహరించారని పక్క ట్యాబ్ క్షణాల్లో చెబుతుంది. అయితే అందులో పరిశీలించింది 12 మంది పిల్లలనేనని తెలియాలంటే పేపర్ తెరిచి ‘రుజువు ఎంత?’ అని అడగాల్సిందే. ఉపసంహరణకు ముందు కూడా పనిచేసే ప్రశ్న అది. ఈ పేపర్‌ను ఉటంకించినవాళ్లు చాలామంది ఉన్నారు, అందులో ఎక్కువమంది తప్పని చెప్పడానికే. ఉటంకింపుల సంఖ్య చూసి మోసపోవద్దని చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం దొరకదు.

తెలుగు సాహిత్యం, స్థానిక చరిత్ర మీద ప్రాజెక్టులకు మాత్రం పక్క ట్యాబ్ పెద్దగా సాయపడదు. చిన్న ప్రచురణ సంస్థ గురించీ, జిల్లా చరిత్ర రాసిన రచయిత గురించీ నెట్‌లో ఏమీ దొరక్కపోవచ్చు. దొరకనంత మాత్రాన ఆ పుస్తకం పనికిరానిది కాదు. అక్కడ చెక్‌లిస్టుకే తిరిగి రావాలి: శాసనం, గెజిటీర్, రికార్డు ఏది చూసి రాశారో పుస్తకంలో చెప్పారా? చెబితే, మన యూనివర్సిటీల పీహెచ్‌డీ థీసిస్‌లు ఉండే శోధ్‌గంగ సైట్‌లో అదే అంశంపై ఉన్న సిద్ధాంత గ్రంథాల ఆధారాల పట్టికలో ఆ పుస్తకం ఉందో లేదో చూడమనండి.