డావోఫాట్: చుక్కలు కిక్కిరిసిన చోట ఎంతవరకు నమ్మొచ్చు?

డావోఫాట్ అంటే ఫోటోలోని నక్షత్రాల ప్రకాశాన్ని కొలిచే ప్రోగ్రామ్. పీటర్ స్టెట్సన్ 1987లో పరిచయం చేసిన ఈ ఫోర్ట్రాన్ ప్రోగ్రామ్ వాలకం పాతదే గానీ, పని ఇప్పటికీ గట్టిది. లియో 1 లాంటి మరుగుజ్జు గెలాక్సీ నడిబొడ్డున, నేల మీది టెలిస్కోప్ తీసిన ఫోటోలో నక్షత్రాలు ఒకదానిమీద ఒకటి పడి ఉంటాయి. చుక్క చుట్టూ వృత్తం గీసి అందులోని వెలుగంతా కూడే అపర్చర్ ఫోటోమెట్రీ పక్కదాని వెలుగునూ కలిపేసుకుంటుంది. డావోఫాట్ చుక్క ఆకారానికి అచ్చు తీస్తుంది, అదే పీఎస్ఎఫ్. దాంతో దాని తోడు ప్రోగ్రామ్ ఆల్‌స్టార్ గుంపు మొత్తాన్ని ఒకేసారి కొలుస్తుంది.

సగం ఫలితం ఆ అచ్చు దగ్గరే తేలిపోతుంది. ఫిట్టింగ్ రేడియస్ (చుక్కకు అచ్చును సరిపోల్చే వ్యాసార్థం) ఎఫ్‌డబ్ల్యూహెచ్‌ఎం అంత, అంటే సగం ఎత్తు దగ్గర చుక్క వెడల్పంత; పీఎస్ఎఫ్ రేడియస్ (అచ్చు మొత్తం వ్యాసార్థం) దానికి నాలుగైదు రెట్లు చాలు. అచ్చుకు పనికొచ్చే చుక్కల్ని ఏరే పిక్ ఆదేశం ఇచ్చిన జాబితాలో జంట చుక్కలు దూరతాయి, ఒక్కోటీ కళ్లతో చూసి ఏరెయ్యాలి. మొదట ఫోటో అంతటికీ ఒకే అచ్చు తీసి, పొరుగు చుక్కల్ని సబ్‌స్టార్ ఆదేశంతో చెరిపి మళ్లీ తీయాలి. రెండు మూడు విడతలయ్యాకే ఫోటోలో చోటును బట్టి అచ్చును మారనిచ్చే వేరియబుల్ పీఎస్ఎఫ్ సెట్టింగ్‌ను 1కి, 2కి పెంచాలి. తొందరపడితే పొరుగు మకిలి అచ్చులోకి ఎక్కుతుంది.

చుక్కలు తీసేశాక మిగిలిన ఫోటోయే అసలు పరీక్ష. ప్రతి చుక్క చోటా నడుమ నల్ల గుంట, చుట్టూ తెల్ల ఉంగరం కనిపిస్తే అచ్చు మరీ సన్నగా ఉందన్నమాట. ఒక్కచోటే మచ్చ మిగిలితే అక్కడ ఇంకో చుక్క దాగి ఉండొచ్చు. ఈ ఫోటో మీద చుక్కల్ని వెతికే ఫైండ్ ఆదేశం మళ్లీ నడిపి, దొరికినవాటిని జాబితాలో కలిపి ఆల్‌స్టార్ తిరగెయ్యాలి.

లియో 1తో అదనపు తలనొప్పి మఖ నక్షత్రం. 12 ఆర్క్‌మినిట్ల దూరంలోనే ఉండటంతో దాని కాంతి ఆకాశాన్ని ఒక పక్కకి వాల్చేస్తుంది. ఆ వాలు సరిచేస్తూ ఆకాశం వెలుగును సున్నా చేశారో, డావోఫాట్ నాయిస్ లెక్క తప్పి, దొంగ చుక్కలు కుప్పలుగా పడతాయి. సరిచేశాక సగటు ఆకాశం వెలుగును తిరిగి కలపాలి. ఫోటోల్ని సగటు చేస్తే గెయిన్‌ను (కెమెరా ఒక్కో అంకెకు ఎన్ని ఎలక్ట్రాన్లో చెప్పే విలువ) ఫోటోల సంఖ్యతో హెచ్చించడం మర్చిపోవద్దు.

ఆల్‌స్టార్ ప్రతి చుక్కకూ షార్ప్ అనే అంకె ఇస్తుంది, చుక్క అచ్చుకంటే ఎంత వెడల్పో, ఎంత సన్నమో చెప్పేది. అది సున్నా దగ్గర ఉంటే నక్షత్రం. బాగా ప్లస్‌లోకి పోతే గెలాక్సీ లేదా జంట, బాగా మైనస్‌లోకి పోతే కాస్మిక్ రే. ఎర్రర్ కాలమ్‌ను మాత్రం నేను నమ్మను. బాగా దగ్గరైన రెండు చుక్కల్ని ఒకటిగా కొలిచి, చిన్న ఎర్రర్‌తో దర్జాగా ఇచ్చేస్తుంది. దీనికి మందు నకిలీ చుక్కలు వేసే యాడ్‌స్టార్ ఆదేశం. రెండు ఫిల్టర్లలోనూ అవే స్థానాల్లో నకిలీ చుక్కలు వేసి, ఎన్ని తిరిగి దొరికాయో, ఎంత ప్రకాశం పెరిగిందో చూడాలి. ఒక్కసారికి ఉన్న చుక్కల్లో 5 శాతం మించితే రద్దీ మనమే పెంచినట్టు.

గెలాక్సీలోని కృష్ణ పదార్థం లెక్కకు ఇదెందుకంటే, సగం కాంతిని చుట్టే గోళం లోపలి ద్రవ్యరాశి సుమారు 930×నక్షత్రాల వేగాల వ్యాప్తి వర్గం×ఫోటోలో కొలిచిన సగం కాంతి వ్యాసార్థం. వేగం కి.మీ./సె.లో, వ్యాసార్థం పార్సెక్‌లలో. వేగానికి 9, వ్యాసార్థానికి 250 వేస్తే దాదాపు 1.9 కోట్ల సూర్యులు. రద్దీ వల్ల నడిబొడ్డున చుక్కలు తప్పిపోతే వ్యాసార్థం ఉబ్బుతుంది, అది 10 శాతం ఉబ్బితే ద్రవ్యరాశీ అంతే. అందుకే దొరికిన శాతాన్ని ఫోటో మొత్తానికి ఒక్క సంఖ్యగా కాదు, కేంద్రం నుంచి వలయాలవారీగా తీయాలి.