ఇరవై మూడు ఫ్లాపీలు, ఒక పాత హార్డ్ డిస్క్: నల్లగొండలో ఒక చిన్న దుకాణం పనితనం

నల్లగొండ ప్రకాశం బజారులో సెల్‌ఫోన్ దుకాణాల వరుస దాటిన తర్వాత, మొదటి అంతస్తులో, కంప్యూటర్లు బాగుచేసే ఒక చిన్న దుకాణం ఉంది. పాత కంప్యూటర్‌లోనూ, పెన్‌డ్రైవ్‌లు రాకముందు ఫైళ్లు దాచుకున్న పలుచని ఫ్లాపీ డిస్కుల్లోనూ చిక్కుకుపోయిన నా తెలుగు ఫైళ్లను కొత్త ల్యాప్‌టాప్‌లోకి తెచ్చే పనిని వారికి అప్పగించాను. పని పూర్తయి మూడు వారాలైంది. ఈలోగా ప్రతి పేజీనీ నా దగ్గరున్న పాత అచ్చుప్రతులతో పక్కపక్కన పెట్టుకుని సరిచూశాను కనుక, ఇప్పుడు ఆ సేవ గురించి నమ్మకంగా రాయగలుగుతున్నాను.

నేను తెలుగు అధ్యాపకుడిగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. 2001లో పెంటియం-3 కంప్యూటర్ ఒకటి కొన్నాను: 128 ఎంబీ ర్యామ్, 20 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 98. అందులో అచ్చుకు పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 6.5, తెలుగులో టైపు చేయడానికి అను ఫాంట్లు వేయించుకుని, దేవరకొండ, మునుగోడు, చండూరు వైపు ఊళ్లలో నా విద్యార్థులు సేకరించి తెచ్చిన వరినాట్ల పాటలు, బతుకమ్మ పాటలు, వ్యవసాయ పనిముట్ల పేర్లు ఏళ్ల తరబడి టైపు చేశాను. ఆ పాటలు చెప్పిన పెద్దల్లో చాలామంది ఇప్పుడు లేరు. అందుచేత ఈ ఫైళ్లు పోతే మళ్లీ సేకరించుకునే వీలు లేదు. మొత్తం కలిపి నేటి ఫోన్‌లో తీసే పది పదిహేను ఫొటోలంత బరువు కూడా ఉండని ఆ ఫైళ్ల కోసం నేను పడిన ఆందోళన, అలాంటి పని చేసుకున్నవారికే అర్థమవుతుంది.

మొదట ఈ పనిని హైదరాబాదులో ఒక దుకాణానికి తీసుకువెళ్లాను. అక్కడ జరిగింది చెప్పకపోతే నల్లగొండ దుకాణం విలువ తెలియదు. కౌంటర్ దగ్గరి అబ్బాయి నా ఫ్లాపీని యూఎస్‌బీతో కంప్యూటర్‌కు కలిపే ఫ్లాపీ డ్రైవ్‌లో పెట్టగానే, ఈ డిస్క్‌ను ఫార్మాట్ చేయాలా అని విండోస్ అడిగింది. డ్రైవ్ సరిగా చదవలేకపోయినప్పుడు కూడా ఆ ప్రశ్న వస్తుంది. డిస్క్ ఖాళీగా ఉందని దాని అర్థం కాదు. ఆ అబ్బాయి నన్ను అడగకుండానే సరేనని నొక్కాడు. అది పైపైన సూచికను మాత్రమే తుడిచే క్విక్ ఫార్మాట్ అయి ఉంటే ఏదో ఒక ఉపాయంతో లోపలి సమాచారం తిరిగి రాబట్టవచ్చు. పూర్తి ఫార్మాట్ కనుక, నేను చూస్తుండగానే రెండు నిమిషాల్లో అరవై పైచిలుకు పాటలు చెరిగిపోయాయి. మిగిలిన ఫ్లాపీలను సంచిలో వేసుకుని, మాట్లాడకుండా బస్సెక్కాను.

ప్రకాశం బజారు దుకాణదారుడు సంచి విప్పగానే చేసిన మొదటి పని, ఒక్కొక్క ఫ్లాపీనీ వెనక్కి తిప్పి, మూలనున్న చిన్న నల్లటి బిళ్లను గోటితో జరిపి, చతురస్రపు రంధ్రం తెరుచుకునేట్టు చేయడం. ఆ రంధ్రం తెరిచి ఉంటే డ్రైవ్ చదవగలదే తప్ప రాయలేదు, చెరపలేదు. మిగిలిన ఇరవై రెండింటికీ ఓపికగా అలా చేసిన తర్వాతే ఆయన డ్రైవ్ బయటికి తీశారు. హైదరాబాదులో ఈ ఒక్క పని చేసి ఉంటే నా పాటలు దక్కేవి.

ఇరవై రెండింటిలో పద్నాలుగు ఆయన దగ్గరున్న యూఎస్‌బీ డ్రైవ్‌లోనే చదివాయి. మిగిలినవాటిని పెట్టినప్పుడు కర్రు కర్రుమని చప్పుడు చేస్తూ డ్రైవ్ అక్కడక్కడే తిరిగింది. ఆయన వెంటనే తీసేసి, "సార్, ఇవి ఏ సిస్టంల రాసిండ్రో ఆ సిస్టం ఇంకా ఉన్నదా?" అని అడిగారు. దానికి కారణం కూడా వివరించారు. 1.44 ఎంబీ ఫ్లాపీకి రెండు వైపులా, సమాచారం రాసే గుండ్రటి దారులు, అంటే ట్రాకులు, ఎనభయ్యేసి ఉంటాయి. రాసిన డ్రైవ్‌లో చదివే, రాసే ముక్క అయిన హెడ్ కాస్త పక్కకు జరిగి ఉంటే, ట్రాకులు కూడా అంతే పక్కకు పడతాయి. వాటిని సరైన కొలతలున్న కొత్త డ్రైవ్ కంటే, తప్పుగా రాసిన ఆ పాత డ్రైవే బాగా చదువుతుంది. మరునాడు పాత సీపీయూను ఆటోలో వేసుకుని వెళ్లాను. అందులోని డ్రైవ్‌ను విప్పి తన దగ్గరున్న పాత మదర్‌బోర్డుకు తగిలిస్తే, మొండికేసిన ఎనిమిదింటిలో ఆరు చదివాయి. ఆ పాత సీపీయూను పాత సామాన్లవాడికి వేసేయమని మా ఇంట్లో ఎన్నోసార్లు అన్నారు. వేయకపోవడం ఎంత మేలైందో ఆ రోజు తెలిసింది.

మిగిలిన రెండింటిని ఆయన డ్రైవ్‌లో పెట్టడానికే ఒప్పుకోలేదు. ఫ్లాపీ మీది లోహపు రేకును జరిపి, లోపలి గోధుమరంగు పళ్లెం మీద తెల్లగా చుక్కలు చుక్కలుగా పట్టిన బూజును టార్చి వెలుతురులో చూపించారు. అలాంటిదాన్ని తిప్పితే బూజు హెడ్‌కు అంటుకుని ఆ ఫ్లాపీని గీసేస్తుందని, తర్వాత పెట్టే ఫ్లాపీలు కూడా పాడవుతాయని చెప్పారు.

హార్డ్ డిస్క్ విషయంలోనూ ఇదే జాగ్రత్త. నేను ఇంట్లో పాత కంప్యూటర్‌ను ఆన్ చేసి పెన్‌డ్రైవ్ పెట్టి చూశాను కానీ, డ్రైవర్ అనే ప్రత్యేక సాఫ్ట్‌వేర్ వేయనిదే విండోస్ 98 పెన్‌డ్రైవ్‌ను గుర్తించలేదు. ఇకమీదట ఆన్ చేయవద్దని ఆయన గట్టిగా చెప్పారు. విండోస్ లేచిన ప్రతిసారీ డిస్క్ మీద ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది. అరిగిపోయిన డిస్క్‌కు అది మరింత భారం. ఆయన డిస్క్‌ను బయటికి తీసి, నలభై పిన్నుల పాత ఐడీఈ డిస్కులను యూఎస్‌బీకి కలిపే అడాప్టర్‌తో, విడిగా కరెంటు ఇచ్చి, ముందుగా మొత్తం డిస్క్‌కు ఒక నకలు తీశారు. డిస్క్‌లోని కొన్ని సెక్టార్లు (చిన్న చిన్న భాగాలు) వెంటనే చదవకపోవడంతో దానికి ఒక రాత్రంతా పట్టింది. ఫైళ్లు వెతకడం, తెరవడం అన్నీ ఆ నకలు మీదనే చేశారు. అసలు డిస్క్‌ను మళ్లీ ముట్టుకోలేదు.

ఇంతవరకు చేయగలిగేవారు వెతికితే మరికొందరు దొరకవచ్చు. నేను ఈ దుకాణాన్ని ప్రత్యేకంగా మెచ్చుకునేది తర్వాతి పనికి. తెలుగు ఫైల్ కొత్త కంప్యూటర్‌లోకి వచ్చినంత మాత్రాన తెలుగు వచ్చినట్టు కాదు. అను ఫాంట్లతో టైపు చేసిన ఫైల్‌లో నిజానికి తెలుగు అక్షరాలు ఉండవు. రోమన్ అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన సంఖ్యలే ఉంటాయి. ఆ సంఖ్యల చోట తెలుగు ఆకారాలు గీసి చూపేది ఫాంటే. ఫాంటు లేని చోట అదే పాట డాలర్ గుర్తులు, కొమ్ములు తిరిగిన రోమన్ అక్షరాల గుట్టగా కనిపిస్తుంది. ప్రపంచ భాషల అక్షరాలకు ఒక్కొక్కదానికీ సొంత సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991 నాటి మొదటి కూర్పు నుంచే చోటు ఉన్నా, పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు కనుక మన డీటీపీ సెంటర్లన్నీ ఆ ఫాంట్ల మీదనే నడిచాయి.

ఈ సంగతి ఆయనకు నేను చెప్పనక్కరలేకపోయింది. ఇలాంటి పనుల కోసమే అట్టిపెట్టుకున్న విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్‌లో పేజ్‌మేకర్ ఫైళ్లను తెరిచి, ఫాంట్లు లోపలే ఇమిడి ఉండేటట్టు పీడీఎఫ్‌లు చేశారు. వాటిని ఫోన్‌లో తెరిచినా అచ్చులో ఉన్నట్టే కనిపిస్తాయి. కాని ఆ ఫాంట్లతో చేసిన పీడీఎఫ్‌లో ఒక తెలుగు మాటను వెతకలేము, సులువుగా దిద్దలేము. అందుకని పాఠాన్ని విడిగా తీసి యూనికోడ్‌లోకి మార్చి ఇచ్చారు. అసలు ఫైళ్లు, పీడీఎఫ్‌లు, యూనికోడ్ పాఠం, ఈ మూడూ వేర్వేరు ఫోల్డర్లలో ఉన్నాయి. మొదటిది సాక్ష్యం, రెండోది రూపం, మూడోది ఇకముందు పని చేసుకోవడానికి.

మార్పిడిలో తప్పులు దొర్లాయి. ఒత్తులు వేరే ముక్కలుగా నిలవ ఉండటం వల్ల కొన్నిచోట్ల క్రారవడి పక్క అక్షరానికి జరిగి, 'రాత్రి' కాస్తా 'ర్రాతి' అయింది. మొదటి విడతలో అలాంటివి పేజీకి మూడు నాలుగు కనిపించాయి. గుర్తు పెట్టి తీసుకువెళితే, రుసుము అడగకుండా రెండుసార్లు సరిచేసి ఇచ్చారు. నా భయం మరొకటి ఉండేది: పనిలో పనిగా 'పోయిండ్రు', 'గట్లనే' వంటి మాటలను కూడా తప్పులనుకుని దిద్దేస్తారేమోనని. అది అడిగితే ఆయన, "మీ మాట మేం మార్చం సార్, అక్షరమే మారుస్తం" అన్నారు. ఆ మాట నిలబెట్టుకున్నారు. ఒక్క యాస మాట కూడా మారలేదు.

లోపాలు చెప్పాలంటే, నాలుగు రోజులన్న పనికి పదకొండు రోజులు పట్టింది. మధ్యలో వారు ఫోన్ చేసి చెప్పలేదు. సామాను అప్పగించినప్పుడు రసీదు ఇవ్వలేదు, నేనే ఒక కాగితం మీద ఫ్లాపీల సంఖ్య రాసి సంతకం పెట్టించుకున్నాను. పనిముట్ల పేర్ల పట్టికలు వరుసలు కలిసిపోయి వచ్చాయి, వాటిని నేను మళ్లీ టైపు చేసుకోవలసి వచ్చింది. వారి కంప్యూటర్‌లో ఉన్న నా నకలును నా ఎదుటే తొలగించమని అడిగితే మాత్రం వెంటనే తొలగించారు.

చదివిన ఫ్లాపీలకే, ఒక్కింటికి 50 రూపాయల చొప్పున ఇరవైకి 1,000. హార్డ్ డిస్క్ పనికి 1,200. యూనికోడ్ మార్పిడికి పేజీకి 6 రూపాయల చొప్పున 410 పేజీలకు 2,460. మొత్తం 4,660 రూపాయలు. ఈ పనితనానికి అది ఎక్కువ కాదు.

బూజు పట్టిన రెండు ఫ్లాపీలు ఇంకా ఆయన దగ్గరే ఉన్నాయి. వాటి పళ్లేలను బయటికి తీసి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరబెట్టి, వేరే శుభ్రమైన ఫ్లాపీ తొడుగుల్లో పెట్టి చూస్తానన్నారు. అందుకోసం నా పాత డ్రైవ్‌ను కూడా అక్కడే ఉంచి వచ్చాను. ఒకదాని మీది చీటీలో 'చందంపేట నాట్లు, రెండో భాగం' అని నా చేతిరాతే ఉంది.